ఉప్పుగాలియు విద్యుద్బంధకములును

అంతర్వేదిలో గాని, ఓడలరేవులో గాని సముద్రపుటొడ్డున కొంతసేపు నిలిచినచో పెదవులు ఉప్పగా నగును. గాలిలో తేలివచ్చు ఆ లవణకణములు కొబ్బరాకులమీదనే గాక, స్తంభములపై విద్యుత్తీగెలను మోయు పింగాణి గిన్నెలమీదను పేరుకొనును. పనివారు ఇన్సులేటర్లని పిలుచు ఈ గిన్నెలే విద్యుద్బంధకములు. తీగెలోని విద్యుత్తును స్తంభములోనికి దిగనీయకుండుటయే వీని పని.

పొడి యుప్పు వలన అపాయము స్వల్పము. మంచుగాని తుంపరగాని తగిలినప్పుడు అది కరగి పలుచని పొరయగును. ఉప్పునీరు వాహకము గదా! ఆ పొరవెంట కొంత విద్యుత్తు పాఱును. ఆ వేడికి పొర అచ్చటచ్చట ఆఱును. ఆఱినచోట నిప్పురవ్వలు దాటును. తుదకు బంధకముపై పెద్ద మెఱుపు పాఱి, ఊరి దీపములాఱిపోవును. ఇందు పింగాణి లోపల చెడలేదు. దాని ఉపరితలమే ఓడినది.

ఇందులకు విరుగుడుగా సిలికోన్ రబ్బరు బంధకములు వచ్చినవి. చిన్న అణువులు గొలుసులుగా కూడి యేర్పడిన ఇట్టి పదార్థములను పాలిమరులందురు. దీనిపై నీరు తామరాకుపై వలె బొట్లుగా నిలుచును గాని పొరగా పఱచుకొనదు. పొర తెగినచో విద్యుత్తునకు దారియు తెగును. అయినను రబ్బరు రవ్వలకు కాలి గాడిపడును. కావున సిలికా మున్నగు పొడులను అందు కలుపుదురు.

పొడి యెంత సన్నమైనచో దాని ఉపరితలమంత పెరుగును. నానోమీటరనగా మీటరులో 100 కోట్లవ వంతు. 1 సెంటీమీటరు భుజముగల ఘనమునకు ఉపరితలము 6 చదరపు సెంటీమీటర్లు. దానినే 100 నానోమీటర్ల ఘనములుగా ఖండించినచో మొత్తము 60 చదరపు మీటర్లగును. అనగా 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పుగల తరగతి గది నేలయంత! ఆ తలమంతట పాలిమరు గొలుసులు రేణువులను అంటియుండును. ఈ సరిహద్దుల ప్రాముఖ్యమును 1994లో టి. జె. లూయిస్ అను శాస్త్రజ్ఞుడు ఒక వ్యాసమున చూపెను.

కాని పొడి సమముగా కలియవలెను. ఉండలు కట్టిన రాగి అంబలి వలె రేణువులు ముద్దకట్టినచో, సన్నదనపు ఫలము పోయి, ఆ ముద్దలచోటనే బంధకము బలహీనమగును.

అయస్కాంత గుణమును ఇట్లే కూర్పవచ్చును. మాగ్నటైటు అను ఇనుప ఆక్సైడును సుమారు 10 నానోమీటర్ల రేణువులుగా చేసినచో, అయస్కాంతము దగ్గఱనున్నంతసేపు ఆకర్షింపబడి, అది తొలగగనే ఆ గుణమును విడుచును. అయితే మాగ్నటైటు కొంత వాహకము. రేణువులు ఒకదానినొకటి తాకి వరుసకట్టినచో బంధకమే వాహకమగును. కావున మితమే ఇచ్చట నియమము.

ఎంతటి బంధకమైనను స్తంభమే కూలినప్పుడు ఏమియు చేయజాలదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను కోనసీమకు ఈ సంగతి నేర్పినది. స్తంభముపైనున్నప్పుడు తీగెకును మనకును నడుమ బంధకమున్నది; తెగి నేలబడిన తీగెకు అది లేదు, తడినేల వాహకము. కావున అట్టి తీగెను తాకక, సమీపింపక, ఇతరులను ఆపి, వెంటనే విద్యుత్తు శాఖవారికి తెలుపుడు.