గులాబీ ఉల్లి

బాగేపల్లి సంతలో ఎర్రగడ్డ అన్నా, కన్నడం మాట్లాడే ఇళ్లలో ఈరుళ్లి అన్నా, పుస్తకాలలో నీరుల్లి అన్నా వస్తువు ఒక్కటే. రాగిసంగటి ప్రక్కన పచ్చి ఉల్లిముక్క లేకపోతే చాలామందికి ముద్ద దిగదు. ఉల్లి చేసే మేలు తల్లి కూడా చేయదని పెద్దలు అంటారు. తల్లి మాట అటుంచి, ఆ మేలు ఏమిటో చూద్దాం.

ఉల్లిలో నూటికి సుమారు 89 వంతులు నీరే. మిగిలిన కొద్దిపాటిలోనే సి విటమిన్, పీచుపదార్థం, గంధకం గల పదార్థాలు ఉన్నాయి. గడ్డను కోసినప్పుడు ఆ గంధక పదార్థాలు మార్పుచెంది ఒక వాయువు వెలువడుతుంది. అది తగిలి కన్ను మండుతుంది. దానిని కడిగివేయడానికే కన్నీరు వస్తుంది. శరీరానికి మేలుచేసే క్వెర్‌సెటిన్ అనే పదార్థం వెలుపలి పొరలలో ఎక్కువగా ఉంటుంది. కనుక ఎండుపొట్టుతోపాటు కండగల పొరలను కూడా ఒలిచి పారవేయడం నష్టమే. ఉడికిస్తే సి విటమిన్ తగ్గుతుంది. పచ్చిముక్క నంజుకొనే అలవాటు మంచిదే. అయితే ఉల్లి ఆహారమే గాని ఔషధం కాదు. జబ్బు చేస్తే వైద్యుని వద్దకు వెళ్లవలసిందే.

ఉల్లి వాడుక చాలా పాతది. ఈజిప్టులో నాల్గవ రామ్సెస్ అనే రాజు మమ్మీకి కన్నుల స్థానంలో ఉల్లిగడ్డలను అమర్చారు. నేడు ఉల్లిని అధికంగా పండించే దేశాలలో భారతదేశం, చైనా ముందున్నాయి.

చిక్కబళ్లాపురం, చింతామణి ప్రాంతాలలో ఒక ప్రత్యేకమైన ఉల్లి పండుతుంది. గడ్డ చిన్నది, రంగు ముదురు గులాబీ, ఘాటు ఎక్కువ. దీని పేరు బెంగళూరు గులాబీ ఉల్లి. 2014-15లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది. విచిత్రమేమంటే, పండించిన చోట దీనిని తినేవారు తక్కువ. చెన్నై రేవులో ఓడ ఎక్కి మలేషియా, సింగపూరు, శ్రీలంక వంటి దేశాలకు పోతుంది.

రైతు కష్టం ఇక్కడే మొదలవుతుంది. నగరాలలో ఉల్లి ధర పెరిగినప్పుడు కేంద్రప్రభుత్వం ఎగుమతులను ఆపుతుంది. 2020 సెప్టెంబరు 14న అలాగే ఆపింది. కాని మన వంటిళ్లకు రాని ఉల్లిని ఆపితే మన వంటిళ్లలో ధర ఎట్లా తగ్గుతుంది? పీకిన గడ్డ ఎంతో కాలం ఆగదు. తేమ తగిలితే కుళ్లుతుంది. అక్టోబరు 9న గులాబీ ఉల్లిని, కడప జిల్లా కృష్ణాపురం ఉల్లిని ఒక్కొక్కటి 10,000 టన్నుల చొప్పున, చెన్నై రేవు నుండి మాత్రమే పంపడానికి అనుమతి వచ్చింది.

2023 ఆగస్టు 19న ఉల్లి ఎగుమతిపై 40 శాతం సుంకం విధించారు. కర్ణాటక ఉద్యానశాఖ కమిషనరు ధ్రువపత్రం ఉంటే గులాబీ ఉల్లికి ఆ సుంకం లేదని సెప్టెంబరు నెలాఖరులో ప్రకటించారు. అప్పటికి నలభై రోజులు గడిచాయి.