స్పీడ్ బ్రేకర్‌కు ఒక లెక్క ఉన్నది

సూర్యాపేట, కోదాడ మీదుగా హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి పోతుంది. ఇప్పుడు దాని నంబరు 65, పూర్వం 9. మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు. పెద్దరోడ్డు మీద నడిపిన వేగాన్నే కొందరు గల్లీలోకి కూడా తీసుకొస్తరు. చిక్కంతా అక్కడే.

మన భౌతికశాస్త్రం పాఠం గుర్తు తెచ్చుకోండి. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 25 కి.మీ. వేగంతో పోయే బండి 50తో పోతే దెబ్బ రెండింతలు కాదు, నాలుగింతలు. 36 కి.మీ. అంటే సెకనుకు 10 మీటర్లు. పిల్లగాడిని చూసి కాలు బ్రేకు మీదికి పోయే ఒక్క సెకనులోనే బండి 10 మీటర్లు ముందుకొస్తది. మా తండాలో ఇంటికీ ఇంటికీ నడుమ అంత జాగా లేదు.

1927లో నోబెల్ బహుమతి పొందిన ఆర్థర్ కాంప్టన్ 1953లో అమెరికాలో తన విశ్వవిద్యాలయం దగ్గర కార్లు ఉరుకుతున్నయని ఇట్లాంటి గడ్డలకు నమూనా గీసిండు. ఎక్స్‌-కిరణాల శాస్త్రవేత్తకు ఇది చిన్న పని అనిపించలేదు!

మన దేశంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో కొలతలు ఇచ్చింది. ఎత్తు 10 సెం.మీ., వెడల్పు 3.7 మీటర్లు, పైభాగం 17 మీటర్ల వ్యాసార్ధంతో వృత్తచాపం. పదో తరగతి అన్నలు జ్యా 3.7, ఎత్తు 0.1 వేసి పైథాగరస్‌తో చేసి చూడండి, 17 దాటి కొద్దిగా వస్తది. ఈ గడ్డను 25 కి.మీ. వేగంతో మెత్తగా దాటవచ్చు, అంతకు మించితే ఎగిరేస్తది. నలుపు, తెలుపు పట్టీలు వేయాలె అని అప్పుడు చెప్పింది. 40 మీటర్ల ముందే బోర్డు ఉండాలె అని కూడా చెప్పింది.

మన ఊర్లల్ల ఏం చేస్తరు? ప్రమాదం జరిగిన మర్నాడే జానెడు ఎత్తు, మూరెడు వెడల్పు సిమెంటు కట్ట పోస్తరు. వాళ్ల కోపం న్యాయమే. కాని 3.7 మీటర్లంటే ఎనిమిది మూరలు! మా వదినెను కాన్పుకు ఆటోలో తీసుకపోతుంటే అట్లాంటి కట్ట దగ్గర ఆటో అడుగు తట్టుకున్నది. నొప్పులతోనే ఆమె దిగి నడిచి దాటింది.

గడ్డ ఒక్కటే ఉపాయం కాదు. గల్లీ మొదట్లో తోవను సన్నం చేయవచ్చు, నడిచేవాళ్లు దాటే చోటును కొంచెం ఎత్తుగా కట్టవచ్చు. రోడ్డు సగం మీద వడ్లు ఎండబోసినప్పుడు బండ్లు నెమ్మదిస్తయి కదా? వడ్లు పోయడం మంచి పద్ధతి అంటలేను, రాత్రిపూట అదే ప్రమాదం. కాని తోవ సన్నబడితే డ్రైవరు తనంతట తానే వేగం తగ్గిస్తడు.

మన గేటు ముందరి గడ్డను ఈ ఆదివారం కొలుద్దాం. వార్డెన్ సారు టేపు ఇప్పిస్తే చాలు, దారం మా దగ్గర ఉన్నది.