పొట్టి కత్తి చెప్పే పాఠం: తుప్పు కూడా సాక్ష్యమే!



కార్టూన్లలో, గేమ్‌లలో సమురాయ్‌లను చూసి పిల్లలు స్కేళ్లతో కత్తియుద్ధాలు చేస్తుంటారు. వద్దని కోప్పడే ముందు, ఒక ఆదివారం వాళ్లకు అసలు కత్తిని చూపించండి. హబ్సిగూడలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో గ్రీన్ లైన్‌కు మారి, ఎంజీబీఎస్‌లో దిగండి. అక్కడి నుంచి ఆటోలో వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరే. 1951లో మొదలైన ఈ మ్యూజియంలోని జపాన్ వస్తువుల్లో సమురాయ్ కత్తులు కూడా ఉన్నాయి. శుక్రవారం మాత్రం సెలవు.

పెద్దది, చిన్నది

సమురాయ్ నడుముకు రెండు కత్తులు ఉండేవి. పెద్దది కటానా, చిన్నది వాకిజాషి. వాకిజాషి అలుగు సుమారు 30 నుంచి 60 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే మీ పిల్లల స్కేలు కంటే పెద్దది, రెండు స్కేళ్ల కంటే చిన్నది. 1603 నుంచి 1868 వరకు సాగిన ఎడో కాలంలో జపాన్ చాలావరకు ప్రశాంతంగా ఉంది. దాంతో కత్తి హోదాకు గుర్తుగా మారింది, దాని అలంకారాల మీద శ్రద్ధ పెరిగింది.

ఒక కత్తి, ఎన్నో చేతులు

ఈ కత్తి ఒక్కరి పని కాదు. కమ్మరి అలుగు సాగగొట్టి, వాదర వైపు పల్చగా, వీపు వైపు మందంగా మట్టి పూసి, కాల్చి నీటిలో ముంచుతాడు. వాదర త్వరగా చల్లారి గట్టిపడుతుంది. వీపు కాస్త మెత్తగా ఉండి దెబ్బను తట్టుకుంటుంది. పై తరగతుల సైన్సు పాఠం ఇందులోనే ఉంది! ఆ తర్వాత సానపట్టేవారు, చెక్కతో ఒర చేసేవారు, పిడికి పట్టుతాడు చుట్టేవారు వేర్వేరు. చేయి వాదర మీదికి జారకుండా అడ్డు నిలిచే లోహపు బిళ్ళ పేరు త్సుబ. దాని మీద పూలు, కొంగలు, కెరటాలు చెక్కడం మరొక కళాకారుడి పని.

కొన్ని త్సుబలు నల్లగా మెరుస్తాయి. అది రంగు కాదు. రాగిలో కొద్దిగా బంగారం కలిపి, ఆ మిశ్రమాన్ని ప్రత్యేక ద్రావణంలో ఉడికించి తెచ్చిన నలుపు. దీన్ని షకుడో అంటారు. అదే మ్యూజియంలో బిద్రీ వస్తువులూ చూపించండి. జింకు, రాగి కలిసిన లోహంలో వెండి పొదిగి, బీదరు కోట మట్టితో నలుపు తెప్పిస్తారు. ఎక్కడి జపాన్, ఎక్కడి బీదరు!

1876లో జపాన్ ప్రభుత్వం సామాన్యంగా కత్తి ధరించడాన్ని నిషేధించింది. త్సుబలు చెక్కినవారిలో చాలామందికి పని పోయింది. కొందరు అదే పనితనంతో పూలకుండీలు, పెట్టెలు చేసి బతికారు.

తోమకూడని చోటు

పిడిలో దాగి ఉండే అలుగు చివరను జపాన్‌లో ఎవరూ తోమరు. ఆ తుప్పు రంగును బట్టే కత్తి వయసు అంచనా వేస్తారు. కమ్మరి తన పేరు చెక్కితే అక్కడే చెక్కుతాడు. మెరవాలని ఆ తుప్పు గీకితే కత్తి చరిత్ర పోయినట్టే.

మన ఇళ్లలోనూ ఇలాంటి సాక్ష్యాలు ఉన్నాయి. పాత ఇత్తడి బిందె మీద అమ్మమ్మ పేరు, పెళ్లినాటి తేదీ ఉండొచ్చు. చింతపండుతో ఏళ్ల తరబడి తోమితే ఆ అక్షరాలు అరిగిపోతాయి. పాత సామాను కొట్టుకు వేస్తే అసలే మిగలవు.

ఈ నెల ఇంటి పని (పిల్లలతో కలిసి)

1. మ్యూజియంలో ఒకే ఒక్క వస్తువు ముందు పది నిమిషాలు ఆగండి. అందులో ఎందరి పని ఉందో పిల్లల్ని లెక్కపెట్టమనండి.
2. ఇంట్లో పేరు చెక్కిన పాత గిన్నెనో బిందెనో వెతకండి. తోమకుండా, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అక్షరాలు దించండి.
3. ఆ పేరు ఎవరిదో తాతయ్యనో నానమ్మనో అడిగి ఐదు వాక్యాలు రాయించండి.

ఆ ఐదు వాక్యాలను డైరీలో పంపండి, తరగతిలో చదివిస్తాం. అప్పుడు చేతిలో స్కేలు ఉన్నా, పిల్లలు కత్తి దూయడం కంటే ముందు "దీన్ని ఎవరు చేశారు?" అని అడుగుతారని మా ఆశ.