తెల్లమేఘపు మఠము

తావో మతమును గూర్చి మేము తరగతిలో రెండు వాక్యములు చెప్పి దాటిపోవుచుంటిమి. బీజింగు నగరమందలి బైయున్ గ్వాన్, అనగా తెల్లమేఘపు మఠమును చూచిన పిమ్మట అది తగదని తోచినది.

దీని పుట్టుక క్రీ. శ. 739లో, టాంగు చక్రవర్తుల కాలమున. ద్వారపు రాతిపై చెక్కిన చిన్నకోతిని యాత్రికులు తడిమి తడిమి నున్నగా చేసిరి. లోపల ఒకదాని వెనుక నొకటిగా మందిరములు: కావలిదేవత వాంగ్ లింగ్‌గ్వాన్, ఆకాశాధిపతియగు జేడు చక్రవర్తి, వెనుక మేడపై ముగ్గురు పరిశుద్ధులు. ఆ మువ్వురిలో నొకడు దైవత్వమొందిన లావోత్సే. అరువది సంవత్సరముల చక్రమునకు అరువదిమంది దేవతలు గల మందిరము వేరు. మన ప్రభవాది షష్టి నెరిగినవారికి ఇది వింత గాదు.

మేము చాలసేపు నిలిచినది చ్యూ చూజి మందిరమున. 1148లో జన్మించిన యీ సన్యాసి, డెబ్బది యేండ్లు దాటిన పిమ్మట ఎడారులును కొండలును గడచి, 1222లో హిందూకుష్ ప్రాంతమున చెంఘీజ్‌ఖానును దర్శించెను. చావులేని మందు కలదా యని ఖాను అడిగెను. ప్రాణమును కాపాడుకొను మార్గములు కలవు గాని అట్టి మందు లేదని యతడు చెప్పెను. నరహత్య మానుమనియు హితవు పలికెను. నగరములను నేలమట్టము చేసిన ప్రభువునెదుట ఆ మాట పలుకుట యెట్టిదో విద్యార్థులు యోచింతురు గాక. ఖాను కోపింపక, అతనిని గౌరవించి పంపెను.

ఇద్దరును 1227లోనే మరణించిరి. సన్యాసి యస్థికలు ఆ మందిరపు నేలక్రిందనే యున్నవందురు.