యౌవనమునఁ గలుగు నొక మనోవ్యాధి

కుఱ్ఱవాఁడు నిద్ర లేకున్నను అలసట యెఱుఁగక, వడివడిగా మాటలాడుచు, గొప్ప గొప్ప సంకల్పములు చేయుచుండును. కొన్ని వారములకు వాఁడే పడక విడువలేక, తన బ్రదుకు వ్యర్థమని కుమిలిపోవును. వీనిని మనము పొగరుబోతనియు, సోమరియనియు నిందింతుము. కాని యిది బైపోలార్ వ్యాధి కావచ్చును. ఇది తఱచుగా 15 మొదలు 25 ఏండ్ల లోపల బయలుపడును గనుక విద్యార్థులును, తలిదండ్రులును దీని నెఱిఁగియుండుట మంచిదని మే మీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఒకనాఁటి కోపమును, దుఃఖమును జూచి వ్యాధియని భయపడరాదు. నిద్రయు, చదువును, స్నేహములును దినముల తరబడి చెడినచో వైద్యునికిఁ జూపవలెను.

ఈ వ్యాధికి వంశపారంపర్యము కొంత కారణము. ఉద్వేగములను బుట్టించు మెదడు భాగమునకును, వాని నదుపుచేయు నుదుటివైపు భాగమునకును గల పొందిక యీ రోగులలోఁ దగ్గియుండునని ఎమ్.ఆర్.ఐ. చిత్రములవలనఁ దెలిసినది. ఆ నుదుటి భాగము 20 ఏండ్లు దాటిన పిదపఁగాని పూర్తిగాఁ బరిపక్వము కాదు. అయినను చిత్రమును మాత్రమే చూచి వ్యాధిని నిర్ణయించుట యింకను సాధ్యము కాలేదు. వైద్యుఁడు రోగితోను, ఇంటివారితోను మాటలాడియే నిర్ణయించును.

ఇఁక చికిత్స. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున జాన్ కేడ్ అను వైద్యుఁడు లిథియమ్ అను లోహపు లవణమును ఉద్రేకరోగులు 10 మందికి నిచ్చి, 1949 సెప్టెంబరులో ఫలితములఁ బ్రకటించెను. వారిలో నొకఁడు ఐదేండ్లుగా బాధపడుచుండినవాఁడు. కొలఁది నెలలలో ఇంటికేఁగి పనిలోఁ జేరెను. తరువాత మందు మానఁగా వ్యాధి తిరుగఁబెట్టెను. మరల మందిచ్చిరి గాని, తగిన మోతాదు నాఁటికి స్థిరపడనందున 1950లో ఆ మందే విషమించి యతఁడు మరణించెను.

ఈ కథలో రెండు పాఠములున్నవి: మందును మన యిష్టము చొప్పున మానరాదు, కొలఁత మీఱి పుచ్చుకొనరాదు. నేఁడు వైద్యులు రక్తములో లిథియమ్ పాలును, మూత్రపిండములను, థైరాయిడ్ గ్రంథిని అప్పుడప్పుడు పరీక్షించుచు దీని నిచ్చుచున్నారు. వేఱు మందులును గలవు. యౌవనస్థులకు మందుతోఁబాటు వేళకు నిద్రయు, మాటలతోఁ జేయు చికిత్సయు, ఇంటివారికి వ్యాధినిగూర్చిన బోధయు నవసరము.

విద్యార్థులారా! మీ తోటివాఁడు చావుమాట లాడినచో దానిని రహస్యముగా దాఁపక పెద్దలకు వెంటనే చెప్పుఁడు. జ్వరము వచ్చినవానిని మనము పరిహసింపము గదా; మెదడునకు జబ్బు చేసినవానిని మాత్ర మేల పరిహసింపవలెను?