స్వయంపాకం

రుచికరమైన భోజనాన్ని తెలుగువారు నలభీమపాకమని ప్రశంసిస్తారు. నలుడు, భీముడు ఇరువురూ పురుషులే. అజ్ఞాతవాసంలో భీముడు విరాటరాజు కొలువున వంటవాడయ్యాడు. అయినప్పటికీ వంట స్త్రీల పనియేనన్న భావన నేటికీ పలు ఇళ్ళలో కనబడుతుంది. చదువుకై ఇల్లు విడిచిన యువకుని ఆకలిని ఆ భావన తీర్చదు.

వంట నేర్వదలచినవారు అన్నం, పప్పులతో ప్రారంభించడం మేలు. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీరు పోసి, అవి ఇగిరేవరకు సన్నని సెగపై ఉడికించాలి. గంజి వార్చకపోతే అందులో కరిగిన బి విటమినులు వృథా కావు. కందిపప్పును ముందుగా నానబెడితే త్వరగా ఉడుకుతుంది. పోపులో ఆవాలు చిటపటలాడిన పిమ్మటనే ఎండుమిర్చి, కరివేపాకు వేయాలి. ఉప్పు తగ్గితే కలుపవచ్చు. ఎక్కువైతే తీయడం సాధ్యం కాదు. కనుక కొద్దికొద్దిగా వేసి రుచి చూడాలి.

తమ అన్నం తాము వండుకోగలవారు ఎక్కడైనా జీవించగలరు. తమకు వండిపెట్టినవారి శ్రమను గుర్తించగలరు.