సైకిల్ కొనేముందు పళ్ళు లెక్కపెట్టండి



వార్షికోత్సవ సంచికకు కెరీర్ గైడెన్స్ మీద ఏదైనా రాయమని తమ్ముళ్ళు ఫోన్ చేసి అడిగారు. గ్రూప్స్ గురించీ, బి.ఎడ్. గురించీ నాకంటే బాగా రాయగలిగిన అన్నలు ఈ సంచికలోనే నలుగురైదుగురు ఉంటారు. నేను సైకిల్ గురించి రాస్తాను. నవ్వుకోకండి. పదో తరగతి హాస్టల్ నుండి పోస్ట్ మెట్రిక్ హాస్టల్‌కు పోయిన రోజున మీకు ముందుగా ఎదురయ్యేది కాలేజీ దూరమే. నాలుగు కిలోమీటర్లో, ఐదు కిలోమీటర్లో ఉంటుంది. బస్ పాస్ ఉన్నా బస్సు మన టైముకు రాదు. అప్పుడు చేతిలో ఉన్న స్కాలర్‌షిప్ డబ్బుతో ఏ సైకిల్ కొనాలి అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు నేను తప్పు జవాబు రాసి, పీజీ మొదటి సెమిస్టర్‌లో రెండు పేపర్లు పోగొట్టుకున్నాను. కాబట్టి ఈ విషయం మీద రాసే అర్హత నాకు ఉందనే అనుకుంటున్నాను.

మా ఊరు మర్రిగూడ వైపు. ఆ నీళ్ళ సంగతి నల్లగొండ జిల్లా వాళ్ళకు చెప్పనక్కరలేదు. మిషన్ భగీరథ నీళ్ళు రాకముందు మా నాయిన తన పాత అట్లాస్ సైకిల్‌కు వెనక రెండు వైపులా ఇరవై లీటర్ల డబ్బాలు కట్టి, మంచినీళ్ళు తెచ్చేవాడు. నలభై కిలోల నీళ్ళు, ఇరవై కిలోల పైచిలుకు సైకిల్, పైన ఆయన. ఆ బండికి గేర్లు లేవు. ముందు ఒక పళ్ళ చక్రం, వెనక ఒక పళ్ళ చక్రం, మధ్యన చైను, అంతే. దీన్నే ఇప్పుడు పట్నంలో 'సింగిల్ స్పీడ్' అని పేరు పెట్టి, సన్నటి టైర్లు వేసి, మా నాయిన బండికి మూడింతల ధరకు అమ్ముతున్నారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వు వచ్చింది. మన ఊళ్ళల్లో ప్రతి ఇంటి ముందు గోడకు ఆనించి ఉన్నది అదే కదా!

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. గేర్లు లేని సైకిళ్ళు రెండు రకాలు. మొదటిది మనకు తెలిసినదే, వెనక చక్రానికి ఫ్రీవీల్ ఉంటుంది. దిగుడులో కాళ్ళు ఆపినా బండి పోతూనే ఉంటుంది, 'టిక్ టిక్' అని చప్పుడు వస్తుంది. రెండవది ఫిక్స్‌డ్ గేర్. దీనికి ఫ్రీవీల్ ఉండదు. పళ్ళ చక్రం హబ్బుకు గట్టిగా బిగించి ఉంటుంది. చక్రం తిరుగుతున్నంతసేపు పెడల్ తిరుగుతుంది, మన కాళ్ళు కూడా తిరగవలసిందే. 1900 ప్రాంతంలో ఫ్రీవీల్ వాడుకలోకి వచ్చేదాకా సైకిళ్ళన్నీ ఇట్లాగే ఉండేవి. నేడు ఇది వెలోడ్రోమ్ పోటీలకు పనికివస్తుంది. 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా యూనివర్సిటీలో కట్టిన వెలోడ్రోమ్ మీలో కొందరు చూసే ఉంటారు. పక్కలు పైకి వాలిన గుండ్రటి బాట అది. అక్కడ తొక్కే బళ్ళకు బ్రేకులే ఉండవు. జపాన్‌లో 1948 నుండి నడుస్తున్న కెయిరిన్ పందేలు కూడా ఈ బళ్ళ మీదనే. ఆ తర్వాత న్యూయార్క్‌లో ఉత్తరాలు, పార్సిళ్ళు చేరవేసే కుర్రవాళ్ళు రోడ్ల మీద వీటిని తొక్కారు. వాళ్ళను చూసి ప్రపంచమంతా ఫ్యాషన్ అయ్యింది.

ఆ ఫ్యాషన్ నా దాకా వచ్చింది. పీజీలో చేరిన కొత్తలో నగరంలో ఒక పాత బళ్ళ దుకాణంలో సన్నటి తెల్ల సైకిల్ చూశాను. చూడ్డానికి గుర్రప్పిల్లలా ఉంది. ఫిక్స్‌డ్ అన్నాడు. ముందు ఒకటే బ్రేకు. దాచుకున్న స్కాలర్‌షిప్ డబ్బు మొత్తం ఇచ్చి మహబూబ్‌నగర్‌కు తెచ్చుకున్నాను. నెల రోజులు హాస్టల్‌లో నాకు మంచి పేరే వచ్చింది, అబద్ధం చెప్పను. తర్వాత ఒక సాయంత్రం దిగుడులో వేగం తగ్గించడానికి పెడల్‌ను కాళ్ళతో వెనక్కి అదిమిపట్టాను. ఒక్కసారిగా పెడల్ ఖాళీగా వెనక్కి తిరిగింది. ముందు బ్రేకు పట్టుకుంటే దాని రబ్బరు అరిగిపోయి ఉంది. కల్వర్టు గోడకు తగిలి పడ్డాను. కుడి చేతి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పట్టీ, సెమిస్టర్ పరీక్షలు మూడు వారాల్లోనే.

కారణం తర్వాత మెకానిక్ చాచా బండి విప్పి చూపించాడు. ముందుకు తొక్కినప్పుడు పళ్ళ చక్రం బిగుసుకుంటుంది. వెనక్కి అదిమినప్పుడు అదే మర మీద వదులవుతుంది. అది ఊడిపోకుండా దాని పైన ఎడమకు తిప్పితే బిగిసే ఒక రింగు ఉండాలి. అసలైన ఫిక్స్‌డ్ హబ్బుకు ఆ రింగు కోసం వేరే మర కోసి ఉంటుంది. నాది మామూలు ఫ్రీవీల్ హబ్బు. ఎవరో దానికి పళ్ళ చక్రం బిగించి, గమ్ము పూసి అమ్మారు. "గమ్ముతోని మనిషి పానం ఆగుతదా బేటా?" అన్నాడు చాచా.

నాయిన ఊరు నుండి వచ్చాడు. నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. బండిని అటూ ఇటూ తిప్పి చూసి, "నువ్వు లెక్కలు సదివినవు గదా బిడ్డా. బండిని జర లెక్కవెట్టి కొనకపోతివా?" అన్నాడు. నాది ఎమ్మెస్సీ మ్యాథమెటిక్స్. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. చేతికి పట్టీ ఉండగా పెన్ను పట్టరాక ఎడమ చేత్తో ఆ లెక్క చేశాను. అది మీకు చెప్తాను.

నల్ల సైకిల్‌కు ముందు చైన్ వీల్ పళ్ళు 44 గానీ 48 గానీ ఉంటాయి. వెనక ఫ్రీవీల్‌కు మామూలుగా 18. నలభై నాలుగును పద్దెనిమిదితో భాగిస్తే 2.44. అనగా పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 2.44 చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. రెండూ గుణిస్తే ఒక తొక్కుకు బండి 5.4 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 19 కిలోమీటర్ల పైన వేగం వస్తుంది. ఇది చదును రోడ్డు మాట.

మనది చదును నేల కాదు. పాలమూరు యూనివర్సిటీ ఉన్న ఊరు పేరే బండమీదిపల్లి. నల్లగొండలో ఎటు పోయినా ఏదో ఒక గుట్ట కనిపిస్తుంది. ఇరవై మీటర్లు పోతే ఒక మీటరు లేచే ఎత్తు తీసుకుందాం. మనిషి, బండి, పుస్తకాల సంచి కలిపి 80 కిలోలు అనుకుంటే, ఎత్తు వెనక్కి లాగే బలం 80లో ఇరవయ్యో వంతు, అంటే 4 కిలోల బరువుతో సమానం. టైర్ల రాపిడికి ఇంకో 0.6 వేయండి. మొత్తం 4.6. ఇప్పుడు అసలు కిటుకు చూడండి. పెడల్ ఒక చుట్టులో మన పాదం తిరిగే దూరం సుమారు 1.05 మీటర్లు మాత్రమే. బండి మాత్రం 5.4 మీటర్లు పోతుంది. దూరం ఐదింతలు లాభం వచ్చిందంటే బలం ఐదింతలు పెట్టాలన్నమాట. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన పని సూత్రం ఇదే. అంటే పాదం మీద సగటున 23.5 కిలోల ఒత్తిడి పడుతుంది. అదే 48 పళ్ళ చైన్ వీల్ అయితే దాదాపు 26 కిలోలు. 44 ఉంచి వెనక 20 పళ్ళ ఫ్రీవీల్ వేస్తే 21 కిలోలు.

26కూ 21కీ మధ్య ఐదు కిలోలు. ఎండాకాలం మధ్యాహ్నం ఖాళీ కడుపుతో ఎత్తు ఎక్కే పిల్లవాడికి అది చిన్న తేడా కాదు. దిగి నెట్టుకుంటూ పోవడమా, తొక్కుకుంటూ పోవడమా అన్నది అక్కడే తేలుతుంది. నష్టం ఏమిటి? 44కు 20 వేస్తే చదును మీద వేగం 19 నుండి 17కు తగ్గుతుంది. ఐదు కిలోమీటర్ల కాలేజీకి రెండు నిమిషాలు కూడా ఆలస్యం కాదు. కావున కొనేటప్పుడు కూర్చొని పళ్ళు లెక్కపెట్టండి. షాపువాళ్ళు నవ్వితే నవ్వనీయండి. ఫ్రీవీల్ మార్చడం పెద్ద ఖర్చు కాదు, కొత్త బండి కొనేటప్పుడే అడిగితే చాలామంది మార్చి ఇస్తారు.

మరి గేర్ల సైకిల్ కొంటే ఏ ఎత్తయినా ఎక్కవచ్చు కదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. టూర్ డి ఫ్రాన్స్ పందెంలో కూడా గేర్లు మార్చే యంత్రాన్ని 1937 దాకా ఒప్పుకోలేదు. అంతకుముందు పందెగాళ్ళు కొండ కింద దిగి, వెనక చక్రం విప్పి తిరగేసి, రెండో వైపున్న పెద్ద పళ్ళ చక్రానికి చైను వేసుకొని ఎక్కేవారు. గేర్లు చెడ్డవి కావు. రోజూ పది, పన్నెండు కిలోమీటర్లు గుట్టల మధ్య పోయేవారు మంచి గేర్ల బండి కొనుక్కుంటే తప్పులేదు. కాని తక్కువ ధరలో వచ్చే గేర్ల బళ్ళు, స్ప్రింగులు పెట్టినవి, నేను చూసినంతలో ఆరు నెలలకే ఒక గేరు మీద ఆగిపోతున్నాయి. హాస్టల్ స్టాండులో బండి మీద బండి పడితే గేరు మార్చే కొక్కెం వంగుతుంది. ఆ వస్తువు మండలంలో దొరకదు. స్ప్రింగులు తొక్కిన బలాన్ని కొంత మింగేస్తాయి. మామూలు బండికైతే చైను, ఫ్రీవీల్, కాటర్ పిన్ను ఏ సంతలోనైనా దొరుకుతాయి. నాయిన బండి చేసిన అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది. అది ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజు కావడం విచిత్రం. అయినా నాయిన బండి నేటికీ తిరుగుతూనే ఉంది, ఎందుకంటే దాని సామాను అన్ని కంపెనీలకూ ఒకటే.

పాత బండి కొనేవారు చూడవలసినవి. ముందుగా బిల్లు. మరీ చవకగా, కాగితం లేకుండా అమ్ముతున్నారంటే అది మనలాంటి ఇంకో విద్యార్థి పోగొట్టుకున్న బండి అయి ఉండవచ్చు. తర్వాత చక్రం లేపి తిప్పి, బ్రేకు రబ్బరు దగ్గర కన్ను పెట్టి వంకర చూడండి. పెడల్ కాడను పట్టుకొని పక్కకు ఊపండి. తొక్కినప్పుడు ప్రతి చుట్టుకూ ఒకసారి 'టక్' మంటే కాటర్ పిన్ను అరిగినట్టు. చైనును స్కేలుతో కొలవండి. ఒక పిన్ను మధ్య నుండి కొలిస్తే 24 లింకులకు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. పన్నెండు మీద అంగుళంలో ఎనిమిదో వంతు దాటితే, ఆ చైను పళ్ళను కూడా తినేస్తుంది. ఫ్రేము అతుకుల దగ్గర పెయింటు కింద గీతలాంటి పగులు ఉంటే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

సైజు విషయం చాలామంది పట్టించుకోరు. రాడ్డు మీదుగా కాళ్ళు రెండు వైపులా వేసి నిలబడితే, రాడ్డుకూ మనకూ మధ్య రెండు వేళ్ళ సందు ఉండాలి. సీటు మీద కూర్చొని మడమను కింద ఉన్న పెడల్ మీద పెడితే కాలు నిటారుగా చాపుకోవాలి. సీటు కిందికి దించి తొక్కితే మోకాళ్ళు నొస్తాయి. పెరిగే వయసని అన్న సైజు బండి కొనివ్వడం మన ఇళ్ళల్లో అలవాటు, చొక్కాకైతే సరే.

బ్రేకులు రెండూ ఉండాలి, ఏ బండికైనా. 2016లో లండన్‌లో ముందు బ్రేకు లేని ఫిక్స్‌డ్ సైకిల్ తగిలి రోడ్డు దాటుతున్న ఒక మహిళ చనిపోయారు. తొక్కిన యువకుడికి 2017లో 18 నెలల శిక్ష పడింది. మెరిసే స్టీలు రిమ్ములు వానలో తడిస్తే బ్రేకు సరిగా పట్టదు, అల్యూమినియం రిమ్ము నయం. ఇక తుమ్మ ముల్లు. సన్నటి టైరు బండికి మన దారుల్లో వారానికి ఒక పంక్చర్ ఖాయం, నా తెల్ల గుర్రం నాకు నేర్పిన మొదటి పాఠం అదే. లావు టైరు, సరిపడా గాలి, సీటు కింద రెండు అతుకులు, కొంచెం సొల్యూషన్ ఉంచుకోండి.

ఆ తెల్ల బండిని నేను అమ్మలేదు. అట్లాగే అమ్మితే ఇంకొకరి చెయ్యి విరుగుతుంది. చాచా దానికి ఫ్రీవీల్ వేసి, వెనక బ్రేకు పెట్టి, కొంచెం లావు టైర్లు ఎక్కించాడు. ఇప్పుడు పిల్లలమర్రి దాకా పోయి వస్తున్నాను.

మా చెల్లె తొమ్మిదో తరగతి. హైస్కూలు నాలుగు కిలోమీటర్లు. ఎనిమిది దాకా నడిచింది. ఈ ఏడు అమ్మ "ఆడపిల్ల ఒక్కతే అంత దూరం ఎందుకు" అని మొదలుపెట్టింది. బిహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళు ఇస్తే, హైస్కూల్లో చేరిన అమ్మాయిలు 32 శాతం పెరిగారని కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అమ్మకు అదంతా చెప్పలేదు. ట్యూషన్ చెప్పి దాచిన డబ్బుతో సెలవుల్లో చెల్లెను వెంటబెట్టుకొని నల్లగొండ గడియారం దగ్గరికి పోయాను. లేడీస్ సైకిల్ చూపిస్తే తనకు రాడ్డున్న బండే కావాలన్నది, ముందు తమ్ముణ్ణి కూర్చోబెట్టుకోవచ్చట. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో వేలమంది మహిళలు అక్షరాస్యతా ఉద్యమంలో సైకిల్ నేర్చుకున్నప్పుడు కూడా రాడ్డు మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చని మగవాళ్ళ బండే కావాలన్నవాళ్ళు ఉన్నారు. సైజు సరిపోయే చిన్న ఫ్రేము దొరికింది. చైను మీద పూర్తి మూత, చున్నీ చిక్కకుండా వెనక చక్రానికి జాలీ పెట్టించాను. 44కు 18 ఉంటే, షాపాయనతో మాట్లాడి 20 వేయించాను. చెల్లె కూడా పక్కన కూర్చొని పళ్ళు లెక్కపెట్టింది.

మొన్న ఆదివారం ఫోన్ చేసి, "అన్నా, చైను ఊకె జారుతుంది" అన్నది. వెనక చక్రం నట్లు రెండూ వదులు చేసి, చక్రాన్ని కొంచెం వెనక్కి గుంజి, చైను మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం ఆడేటట్టు చూసి బిగించమన్నాను. పది నిమిషాల తర్వాత మళ్ళీ చేసింది. "బిగిచ్చిన. నాయిన బండిది గూడ వదులున్నది, అదిగూడ బిగిచ్చిన" అన్నది.